గుడ్డిబంకు మలుపు

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెయిన్ రోడ్డు కాకుండా వెనక నుంచి ఇంకో దారి ఉంది. కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల ఇనుప మెట్లు దాటాక ఆ దారి సన్నబడి, ఒకచోట మోచేయిలాగా వంగుతుంది. ఆ వంపులో ఒక మూతపడ్డ పెట్రోల్ బంకు. అన్నదమ్ముల కోర్టు కేసులో పడి ఏళ్లయింది. పైకప్పు రేకులు గాలికి కొట్టుకుంటుంటాయి. పంపులు పీకేసిన చోట గుంతలు. ముందు గోడ సగం కూలింది. ఒక్క లైటు వెలగదు. అందుకే దానికి గుడ్డిబంకు అని పేరు పడింది.

పగటిపూట ఆ మలుపు సంగతి ఎవరికీ పట్టదు. చీకటి పడ్డాక మాత్రం ఆటోవాళ్లు అటు రారు. ఎంత బతిమాలినా రారు. ఊరంతా తిప్పి తీసుకుపోతారు గాని, ఆ వంపులోకి బండి తిప్పరు. ఎందుకని అడిగితే చెప్పరు. గట్టిగా అడిగితే గొంతు తగ్గించి ఒకే మాట—

"ఆడ అబ్దుల్ తిరుగుతడు."

అబ్దుల్ క్యాబ్ డ్రైవర్. ఆరేళ్ల కింద ఒక వానాకాలం, ఇంకా తెల్లవారక ముందు, నైట్ షిఫ్టు దిగిన ఒక కుర్రాణ్ణి ఎక్కించుకుని ఆ దారిన వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే బంకు గోడను గుద్దాడు. డ్రైవరూ పోయాడు, వెనక సీట్లో కుర్రాడూ పోయాడు. స్టీరింగు మీదనే నిద్రపోయాడని పోలీసులు తేల్చారు.

అప్పటి నుంచి, తెల్లవారుజామున ఆ మలుపులో హారన్ వినిపిస్తుందట... బండి మాత్రం కనిపించదట. అబ్దుల్ రోడ్డు మీద నడుస్తూ, వచ్చిన ప్రతి బండి వెనక సీట్లోకి తొంగి చూస్తాడట— తన ప్యాసింజర్ అందులో ఉన్నాడేమోనని.

ఈ మాట ధాత్రి చెవిన పడినప్పుడు ఆమె అమీర్‌పేటలో చిలకమ్మ టీ బండి దగ్గర నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు. భయపడలేదు. సగం తాగిన టీ గ్లాసు కింద పెట్టేసి, వెళ్లి కారులో కూర్చుంది.

ఆ వెనక సీట్లో పోయిన కుర్రాడు ఆమె అన్న విజయేందర్.

ధాత్రిది సిద్దిపేట. అన్న పోయాక ఇంజనీరింగు పూర్తి చేసి హైదరాబాదు వచ్చింది. ఏరికోరి ఒక చిన్న కంపెనీలో చేరింది— తనంతట తానే నడిచే కార్లు తయారుచేసే కంపెనీ. ఆమెకు మాత్రం డ్రైవింగు రాదు. నేర్చుకోనని పంతం పట్టింది. మనిషి అన్నవాడు స్టీరింగు ముట్టకూడదు... అదీ ఆమె లెక్క. మనిషికి నిద్రొస్తుంది. మనిషి తాగుతాడు, ఫోను చూస్తాడు, పక్కబండివాడితో పోటీకి పోతాడు. యంత్రానికి ఆ రోగాలేవీ లేవు. ఇంకో పది పదిహేనేళ్లకు రోడ్డు మీద డ్రైవర్ అనేవాడే ఉండకూడదని ఆమె మనసారా కోరుకునేది. ఏ డ్రైవర్ ముఖం చూసినా ఆమెకు ఎన్నడూ చూడని అబ్దులే కనిపించేవాడు.

అలాంటి ధాత్రి పక్కన కంపెనీ తెచ్చి కూర్చోబెట్టింది అఫ్జల్‌ను.

అఫ్జల్‌ది బోరబండ. ఇరవై ఏళ్లుగా క్యాబులు నడిపినవాడు. ఇప్పుడు అతని పని డ్రైవర్ సీట్లో కూర్చుని నడపకుండా ఉండటం. స్టీరింగు దానంతట అది తిరుగుతుంటే చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తుండాలి. ఏదైనా తేడా వస్తే బ్రేకు తొక్కాలి, అంతే. పక్క సీట్లో ధాత్రి ల్యాప్‌టాప్ పెట్టుకుని, కారుకు రోడ్డు మీద ఏమేం కనిపిస్తున్నాయో స్క్రీన్ మీద చూస్తుండేది. దారులు ఖాళీగా ఉంటాయని రోజూ చీకటితోనే బయలుదేరేవాళ్లు.

నెల రోజులు పక్కపక్కన కూర్చున్నా ఇద్దరి మధ్య మాటల్లేవు. ఆమెకు డ్రైవర్ల జాతే గిట్టదు. అతనికి ఆమె బండే గిట్టదు. ఇంట్లో పొయ్యి వెలగాలి కాబట్టి కూర్చుంటున్నాడు.

టీ బండి దగ్గర ఇంకా అన్యాయం. ఆటోవాళ్లు, క్యాబులవాళ్లు ఆ తెల్లకారు రాగానే మాటలు ఆపేసేవారు. హనుమాండ్లు అనే ఆటో డ్రైవరు ఒకప్పుడు అఫ్జల్‌తో ఒకే డబ్బాలో అన్నం తిన్నవాడు. ఇప్పుడు గ్లాసులో మిగిలిన టీని ఆ కారు అద్దం మీద కుమ్మరించేవాడు.

"మా పొట్ట కొట్టేటి బండిల కూసున్నవ్ అఫ్జల్ భాయ్. గది పని నేర్చినంక నిన్ను సుత దించుతది. అప్పుడు మల్ల ఈడికే రావాలె నువ్వు. మేం జరిగి జాగ ఇస్తమనుకుంటున్నవా?"

అఫ్జల్ గుడ్డ తీసి అద్దం తుడిచేవాడు. ధాత్రి అది చూసేది. జాలి పడేది కాదు.

ఆగస్టులో, కారును ఇరుకు మలుపుల్లో తిప్పి చూడాలని పైనుంచి మాట వచ్చింది. మొదటి దారే గుడ్డిబంకు దారి. ఆ మాట వినే టీ బండి దగ్గర అబ్దుల్ కథ లేచింది.

మొదటి రోజు.

వాన అప్పుడే వెలిసింది. కరెంటు కారు కాబట్టి ఇంజను చప్పుడు లేదు. తడి రోడ్డు మీద టైర్లు చేసే సన్నని జిగురు చప్పుడు తప్ప ఏమీ లేదు. హాస్టళ్లు దాటారు. ఆఖరి వీధిదీపం దాటారు. అఫ్జల్ పెదాలు కదులుతున్నాయి... లోలోపల ఏదో చదువుకుంటున్నాడు. ధాత్రి కావాలనే తలెత్తలేదు. అన్న పోయిన చోటును కళ్లతో చూడటం ఆమెకు ఇష్టం లేదు. స్క్రీన్ మీద రెండు గీతల మధ్య ఖాళీ రోడ్డు... ఖాళీ రోడ్డు... వంపు మొదలైంది—

కారు ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

ల్యాప్‌టాప్ జారి ఆమె కాళ్ల మీద పడింది. బెల్టు మెడను కోసినట్టయింది. చూస్తే అఫ్జల్ కాలు బ్రేకు మీద ఉంది. రెండు చేతులూ స్టీరింగును గట్టిగా పట్టుకున్నాయి.

"ఏమైంది?"

అతను ముందు అద్దంలోంచి రోడ్డునే చూస్తున్నాడు.

"అఫ్జల్ భాయ్... ఏమైంది?"

"కాళ్లు..." అన్నాడు. "రెండు కాళ్లు మేడమ్. నడుస్తున్నయ్. పైన... పైన మనిషి లేడు."

ధాత్రి తలెత్తి చూసింది. హెడ్‌లైట్ల వెలుగులో తడి రోడ్డు. కూలిన గోడ. వేలాడే రేకు. ఎవరూ లేరు.

"ఇప్పుడే ఉండె. కండ్లల్ల మెరుపు కొట్టినట్టయింది... కండ్లు తెరిచేసరికి లేడు."

ఆమె ల్యాప్‌టాప్ తీసి, అంతకుముందు కారు చూసినదాన్ని మళ్లీ తిప్పి చూపించింది. వంపు. రోడ్డు. ఏమీ లేదు.

"చూడుండ్రి. ఖాళీ. మీరు నిద్రపోయిన్రు."

నిద్ర అన్న మాటకు అఫ్జల్ ఆమె వైపు తిరిగాడు. ఆ చూపులో ఉన్నది భయం కాదు. కాలు బ్రేకు మీంచి తీసేశాడు.

రెండో రోజు బయలుదేరే ముందే ధాత్రి చెప్పేసింది. "ఈరోజు కాలు కదలొద్దు. మనిషి గాని, బండి గాని ఉంటే కారే ఆగుతది. అది మీకంటే బాగా చూస్తది."

అఫ్జల్ తలూపాడు. కాళ్లు వెనక్కి ముడుచుకున్నాడు. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు. అలాగే బొమ్మలాగా కదలకుండా, కళ్లు మాత్రం రోడ్డు మీద...

ఆఖరి వీధిదీపం దాటింది.

చీకట్లో అతని ఊపిరి ఆమెకు వినిపిస్తోంది. ఒకటి... ఇంకొకటి... ఆ తర్వాతది రాలేదు.

"యా అల్లా," అన్నాడు, నోట్లో నోట్లోనే.

మళ్లీ అదే కుదుపు. అదే బ్రేకు.

ధాత్రి ఈసారి చప్పున తలెత్తింది. తెల్లని వెలుగు ఒకటి ముందు అద్దం మీద కొరడాలాగా తగిలింది... మాయమైంది. తర్వాత చీకటి. బంకు లోపల ఎక్కడో రేకు మీద ఏదో రాసుకున్న చప్పుడు... అదీ ఆగింది.

ఆమె చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఆ సంగతి ఒప్పుకోవడానికి మనసు రాలేదు. తలుపు తీయబోయింది.

"దిగకుండ్రి మేడమ్," అన్నాడు అఫ్జల్ గుసగుసగా. "మీ కాళ్లు మొక్కుత. దిగకుండ్రి."

ఆమె దిగలేదు. స్క్రీన్ చూసింది. ఖాళీ రోడ్డు. అప్పుడు వచ్చింది కోపం.

"రెండు రోజులు. ఒకటే జాగ. ఏమీ లేని దగ్గర బ్రేకు తొక్కిన్రు. వెనక ఇంకో బండి ఉంటే మన గతి ఏంది?"

"నాకు కనవడ్డది."

"కారుకు కనపడలేదు."

"కారుకు కనవడకుంటే లేనట్టేనా?"

"లేనట్టే."

వానచుక్కలు పైకప్పు మీద టప్... టప్... మని పడుతున్నాయి.

"అబ్దుల్ నాకు ఎరుకే," అన్నాడు అఫ్జల్ చివరికి. "ఎర్రగడ్డల మా మామోళ్ల గల్లీనే. నిద్రొస్తే బండి పక్కకు వెట్టి, సీసల నీళ్లతోని మొఖం కడుక్కునేటోడు. అసొంటోడు స్టీరింగు మీద నిద్రవోయిండంటే నేను నమ్మ. గా రోజు ఏం జూసిండో... ఎవర్ని తప్పించబోయిండో... ఎవ్వరన్న అడిగిండ్రా? సచ్చినోడు జవాబియ్యడని ఆని మీదనే ఏసిండ్రు."

"వెనక సీట్లో ఎవరున్నరో అది సుత ఎరుకేనా మీకు?"

"ఎవరో పోరడు..."

"మా అన్న."

అఫ్జల్ వెనక సీటు వైపు తిరిగి చూశాడు.

"మా అన్న," అంది ధాత్రి మళ్లీ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే నయం. "మా అన్నను ఏ దెయ్యమూ చంపలేదు అఫ్జల్ భాయ్. డ్రైవర్ చంపిండు. మీ అసొంటి డ్రైవర్."

కారు దానంతట అది కదిలి, మలుపు తిరిగి, పంజాగుట్ట వైపు పోయింది.

మూడో రోజు టీ బండి దగ్గర కారు ఆగి ఉంది. చినుకులు పడుతున్నాయి. అఫ్జల్ కారెక్కలేదు. దూరంగా, ఆటోల పక్కన నిలబడ్డాడు.

"నేను రాను మేడమ్. ఆ మలుపుల నా కాలు నా మాట ఇనదు. మీరు కంపెనీల ఏమన్న చెప్పుకోండ్రి."

"పని పోతది."

"పోనీ."

వెనక నుంచి హనుమాండ్లు గట్టిగా నవ్వాడు. "డ్రైవరే అక్కర్లేదంటివి గద మేడమ్? మరి నడిపియ్యి! మా అఫ్జల్ భాయ్ లేకుంటే చక్రం తిరుగుతలేదా?"

ఆటోల మధ్య నుంచి ఇంకా ఒకరిద్దరు నవ్వారు. ధాత్రికి చెవులు వేడెక్కాయి. ఆరేళ్ల కోపం ఒక్కసారి కాళ్లలోకి దిగినట్టయింది. ఎప్పుడూ కూర్చునే వైపు కాకుండా చుట్టూ తిరిగి వచ్చి, డ్రైవర్ తలుపు తీసి, లోపల కూర్చుని, బెల్టు పెట్టుకుని, తలుపు లాగేసింది.

అఫ్జల్ పరుగున వచ్చి అద్దం మీద దబదబ బాదాడు. "మేడమ్! దిగుండ్రి! మీకు నడపనీకి రాదు, లైసెన్సు లేదు... జర ఇనుండ్రి—"

ఆమె స్క్రీన్ మీద వేలు నొక్కింది. కారు కదిలింది. అఫ్జల్ చెయ్యి అద్దం మీద తడి గీత గీసి జారిపోయింది.

కొంత దూరం దాకా కోపమే తోడు. ఆ తర్వాత అదీ పలచబడింది.

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. రొమ్ముకు ఎదురుగా స్టీరింగు, ఎవరో కనిపించనివాడు పట్టుకుని తిప్పుతున్నట్టు, నెమ్మదిగా ఇటు... నెమ్మదిగా అటు... చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. రోజూ అఫ్జల్ ఎలా కూర్చున్నాడో అలాగే కూర్చున్నానని గుర్తుకొచ్చింది. నెల రోజులు అతను ఏం మింగుతూ కూర్చున్నాడో, మొదటిసారి కొంచెం తెలిసింది.

హాస్టళ్లు వెనకబడ్డాయి. ఒక కుక్క మెట్ల కింద నుంచి లేచి, కారును చూసి, మొరగకుండానే వెనక్కి తగ్గింది.

ఆఖరి వీధిదీపం.

చీకటి.

వద్దనుకుంటూనే పైనున్న చిన్న అద్దంలోకి చూసింది. వెనక సీటు. ఖాళీగా... నల్లగా... అన్న కూర్చుని ఉండేది అటు కిటికీ పక్కనా, ఇటు పక్కనా? ఎవరినీ అడగలేదు ఎప్పుడూ.

ఎక్కడో హారన్ మోగింది. దూరంగా. మెయిన్ రోడ్డు మీదిదే అయి ఉంటుంది. మెయిన్ రోడ్డు మీదిదే...

వంపు మొదలైంది.

అప్పుడు చూసింది.

రెండు కాళ్లు.

మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, రబ్బరు చెప్పులు. తడి రోడ్డు మీద ఒకదాని తర్వాత ఒకటి పడుతూ, ఆమెకు ముందు, నడిరోడ్డు మీద నడుస్తున్నాయి. మోకాళ్ల పైన మనిషి లేడు. నడుము లేదు, వీపు లేదు, తల లేదు. మనిషి ఉండాల్సిన చోట రోడ్డే ఉంది... చినుకులు పడుతున్న ఖాళీ రోడ్డు.

స్క్రీన్ చూసింది. ఏమీ లేదు.

కారు వేగం తగ్గించలేదు.

కాళ్లు దగ్గరకొస్తున్నాయి. లేవు, అంది మనసు. ఉన్నాయి, అన్నాయి కళ్లు. స్క్రీన్ లేవంటోంది. ఇన్నేళ్లూ ఆమె నమ్మింది ఆ స్క్రీన్‌నే. నిన్న తన నోటితోనే అంది... కారుకు కనపడకుంటే లేనట్టే—

ఆ కాళ్లు ఆగాయి. వాటి పైనున్న ఖాళీ కొద్దిగా పక్కకు తిరిగింది. అందులో రెండు హెడ్‌లైట్లు భగ్గుమన్నాయి. ఎదురుగా, సూటిగా, ఆమె మీదికే ఒక కారు దూసుకొస్తోంది. ఆ కారు అద్దం వెనక ఒక ఆడమనిషి ముఖం... నోరు తెరుచుకుని... కళ్లు తెరుచుకుని...

"ఆగు!" అని అరిచింది ధాత్రి. ఎవరిని ఆగమందో ఆమెకే తెలియదు.

కారు ముక్కు నేలకు వంగి, టైర్లు కీచుమని, ఆగింది.

ఆ వెంటనే భళ్లున చప్పుడు. రోడ్డంతా ఏదో చిట్లి, గలగలమని చెదిరి...

నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలోంచి ఒక మనిషి గొంతు. "సచ్చిపోయిన్నే... ఓ అవ్వా... సచ్చిపోయిన్నే!"

దెయ్యాలు అలా ఏడవవు. ధాత్రి బెల్టు విప్పి, తలుపు తోసుకుని దిగింది.

రోడ్డు నిండా అద్దం ముక్కలు. ఒక్కో ముక్కలో ఒక్కో చిన్న హెడ్‌లైటు వెలుగుతోంది. వాటి మధ్య ఒక ముసలాయన బోర్లా పడి, మోచేతుల మీద లేవబోతున్నాడు. భుజాలకు నవారు పట్టీలు. వీపు మీద తలకంటే ఎత్తుగా ఒక చెక్క చట్రం. అద్దం పగిలి రాలిపోయి, వట్టి చట్రం మిగిలింది. కారు బంపరుకూ ఆయన మడమలకూ మధ్య ఒక చెప్పు పట్టేంత జాగా.

ఆమెను చూడగానే ఆయన రెండు చేతులూ జోడించాడు.

"దండం వెడుత తల్లీ... నన్నేం జెయ్యకు. నీ జోలికి నేను రాలే. నా తొవ్వ నేను పోతున్న..."

"నేను మనిషినే తాతా," అంది ధాత్రి. అలా చెప్పుకోవాల్సి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. "మీకు దెబ్బ తగిలిందా?"

ఆయన పేరు సారయ్య. అమీర్‌పేటలో అద్దాల దుకాణంలో మోత పని. పంజాగుట్టలో కొత్త సెలూను పెడుతున్నారట. నిలువుటద్దాలు బండిలో వేస్తే పగులుతాయని, షేటు వీపు మీదనే మోయమన్నాడట. పొద్దెక్కితే జనంలో ఎవరో ఒకరు తగులుతారని, రోజుకొకటి చొప్పున చీకటితోనే మోస్తున్నాడు. ఇది మూడోది.

"మొన్న గీడనే ఎనక కీసుమని సప్పుడైంది," అన్నాడు ఆయన. "ఎనక్కి మర్రి చూస్తే కారు. ఇంజను సప్పుడు లేదు. అద్దంతోని గా బంకుల దూరిన. ఆడికెల్లి సూస్తే స్టీరింగు దానంతట అదే తిరుగుతుంది. లోపట ఒకడు పీనుగు లెక్క కూసున్నడు... అబ్దుల్ కథ నాకూ ఎరుకే గద తల్లీ. గా కారే అనుకున్న. ఆడనే దాక్కున్న. నిన్న సుత గంతే. గది పోయిందాక ఊపిరి సుత తీయలే."

ధాత్రి రోడ్డు మీదనే చతికిలబడింది. నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. అఫ్జల్ కళ్లకు కొట్టిన మెరుపు, కారు లైటు ఆ అద్దంలో పడి తిరిగొచ్చిన వెలుగు. కారుకు కనిపించిన ఖాళీ రోడ్డు, అద్దంలోని రోడ్డు. వట్టి రెండు కాళ్లను అది మనిషిగా లెక్క కట్టలేదు. దూసుకొచ్చిన కారు ఈ కారే. ఆ ముఖం తనదే. దెయ్యం లేదు. భుజాలకు పట్టీలు వేసుకుని బతుకు మోస్తున్న ఒక మనిషి... అతణ్ణి యంత్రం చూడలేకపోయింది.

ఇంతలో డుగ్గుడుగ్గుమంటూ ఒక ఆటో వచ్చి ఆగింది. చీకట్లో ఏనాడూ ఆ వంపు తిరగని హనుమాండ్లు ఆటో. ఆగీ ఆగకముందే అందులోంచి అఫ్జల్ దూకాడు.

"మేడమ్! సలామత్ ఉన్నరా?"

ఆమె సంగతంతా చెప్పింది. అఫ్జల్ అద్దం ముక్కలను చూశాడు, చట్రాన్ని చూశాడు, సారయ్యను చూశాడు. నెత్తి పట్టుకుని, "అద్దమా!" అన్నాడు. "అరె తాతా... నువ్వు నన్ను పీనుగంటివా?"

హనుమాండ్లు నవ్వుతూనే తన తువ్వాలు చింపి అద్దం ముక్క గీరుకుపోయిన సారయ్య పాదానికి కట్టు కట్టాడు. ఆయన్ని లేపి ఆటోలో కూర్చోబెట్టాడు.

"మీరు నిద్రపోలేదు," అంది ధాత్రి, అఫ్జల్ ముఖం చూడకుండా. "నేనట్ల అనకుండ ఉండాల్సింది."

అఫ్జల్ కారు ముందు చక్రాల వైపు చూశాడు. "మరి బండి ఆగిందెట్ల? దానికి కనవడ్డదా?"

అదే సంగతి ఆమెకూ అప్పుడే తట్టింది. తలుపులోంచి వంగి స్క్రీన్ చూసింది. కారు తనంతట తాను ఆగలేదు. ఆఖరు క్షణం దాకా దానికి రోడ్డు ఖాళీయే. కింద ఒక వరుస మాత్రం ఎర్రగా వెలుగుతోంది— డ్రైవర్ బ్రేకు తొక్కారు.

"నేనే తొక్కిన," అంది. "భయంల నాకే తెల్వలేదు."

ఆ మాట అంటుంటే లోపల ఎక్కడో ఆమెకు తెలియని గర్వం. జన్మలో మొదటిసారి ఒక బండిని తన కాలితో ఆపింది.

"గంతే మరి," అన్నాడు హనుమాండ్లు ఆటోలోంచి. "ఎంత జేసినా ఆఖరికి మనిషి కాలే ఆపింది. పోయి మీ కంపెనీల గట్టిగ చెప్పు మేడమ్."

పాలవ్యాన్లు వచ్చే వేళ అవుతోంది. కారును పక్కకు తీయాలి. అఫ్జల్ వెళ్లి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. చెయ్యి స్టీరింగు మీద వేశాడు. కాలు బ్రేకు మీద పెట్టాడు... ఎప్పటిలాగే సరిగ్గా అందింది.

అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది?" అంది ధాత్రి.

"సీటు జరుపుకున్నరా మేడమ్?"

"సీటా? లేదే."

"ఎక్కినంక ముందుకు గుంజుకొని... దిగేటప్పుడు ఎనక్కి నూకిండ్రా?"

"నేను సీటు ముట్టుకోనే లేదు. అదెట్ల జరుపుతరో సుత తెల్వదు నాకు. ఎందుకు?"

అఫ్జల్ మెల్లగా దిగాడు. అతను దిగి నిలబడితే కారు పైకప్పు అతని రొమ్ము దాకానే వచ్చింది. అంత పొడుగు మనిషి.

"ఒక్కసారి కూసోండ్రి," అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

ఆమె కూర్చుంది.

"ఈపు ఆనియ్యుండ్రి. ఇందాకటి లెక్కనే బెల్టు పెట్టుకోండ్రి... ఆఁ. ఇప్పుడు కాలు సాపుండ్రి. బ్రేకు మీదికి."

ధాత్రి కాలు చాపింది. పాదం వంచి, వేళ్లు నిగిడించి, బెల్టు నడుముకు కోసుకుపోయేదాకా సాగదీసింది.

అఫ్జల్ ఫోను లైటు వేసి కిందికి వంగాడు. చాలాసేపు లేవలేదు.

ఆమె కాలి వేళ్లకూ, బ్రేకుకూ మధ్య— జానెడు ఖాళీ.